తారీకు రాసిన రైలు పెట్టె

ఖరగ్‌పూర్ చూడాలని నేనెప్పుడూ అనుకోలేదు. మా అప్ప, అంటే మా అక్క, అక్కడ రైల్వే కాలనీలో ఉంటుంది. పెళ్ళయ్యాక ఏసుప్రభువును నమ్ముకుంది. బావ పోయిన దగ్గర నుంచి ప్రతి శుక్రవారం పస్తు. షుగరు మనిషి. మొన్న కళ్ళు తిరిగి పడిపోయిందని తెలిసి బయలుదేరాను.

శుక్రవారం పొద్దున్నే ఆరింటికి పలాసలో రైలెక్కితే మధ్యాహ్నం రెండున్నరకు దిగాను. స్టేషను బయట ఆటో అతను "ట్రాఫిక్?" అని అడిగాడు. "పరవాలేదు బాబూ, తొందరేం లేదు" అన్నాను. నవ్వి, నా చేతిలో ఉన్న చీటీ మీది అడ్రసు చూపించాడు. ట్రాఫిక్ అంటే అప్ప ఉండే పేటే. నలుగురితో కలిసి వెళ్తే ఇరవై రూపాయలు.

ఇంట్లో చేపల పులుసు వాసన. అప్ప కంచం మాత్రం ఒకటే పెట్టింది, నాకు. పక్కింటి దానియేలు అరుగు మీద ఉన్నాడు. బావతో రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ఫిట్టరు.

నాకు తెలియక అడిగాను. "అప్పా, మీ ప్రభువు అందరి పాపాలకీ ప్రాణం ఇచ్చేసినాడంటావు. మరి ఈ పస్తేటి?"

"నా వంతు నాను సెయ్యొద్దేటి?"

దానియేలు అందుకున్నాడు. "వదినా, మా సాపులో రైలు పెట్టె బాగుసేసినాక, పనైపోయిందని పక్కన తారీకు రాసీవోలం. రాసినాక ఎవుడైనా సుత్తి అట్టుకుని మళ్ళా దాని కాడికెల్తే, మా పని మీద నమ్మకం లేదేటిరా అని తిట్టీవోలం."

అప్ప ఊరుకుంటుందా! "మీ అన్న కూడా ఆ సాపోడే మరిదీ. ఆ పెట్టె కొన్నేళ్ళకి మళ్ళా సాపుకొస్తాది కాదా?"

దానియేలు తల గోక్కున్నాడు.

"అదే వదినా. మనం సేసింది మళ్ళా పాడైపోతాది. పోయిన శుక్రోరం పస్తు ఈ శుక్రోరానికి సాల్లేదు కదా. ఆయన సేసింది ఒక్కసారే. అది మళ్ళా సాపుకి రాదు."

అప్ప పులుసు గరిటె కింద పెట్టింది. "నాలాటి మనిసికీ సరిపోతాదంటావా?"

"అది సాలకపోతే నీ పస్తు సాల్తాదేటి?"

అప్ప కొంగుతో కళ్ళు ఒత్తుకుని లోపలికి వెళ్ళింది. రెండో కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. "ముల్లు సూసుకు తిను" అంది, పస్తు ఉన్నది నేనే అయినట్టు.

మోక్షం సంగతి నాకు అంతగా తెలియదు. మొక్కులు తీర్చుకుంటూ పెరిగినవాణ్ణి. ఇంకొకరు చేసింది చాలు అని నమ్మి చేతులు దించడం పస్తుకన్నా కష్టమేమో అనిపించింది, అప్ప మొదటి ముద్ద కలుపుతుంటే చూసి.

ఈ ఊరు వెళ్ళేవారికి ఒక్క మాట: ఆటోవాళ్ళు ట్రాఫిక్ అంటే రద్దీ అనుకోకండి, అది పేట పేరు. మధ్యాహ్నానికి చేరుకోండి. మీకోసం ఎవరైనా అన్నం వండి ఉంటే, వాళ్ళు తిన్నారో లేదో ముందు అడగండి.