ఆషాఢం ఆరు వేలు

యానాంలో నేను మగ్గం పని కొట్టు పెట్టి పన్నెండేళ్లు దాటింది. మగ్గం పనంటే తెలియనివాళ్లకి చెబుతున్నాను. జాకెట్టు గుడ్డని చెక్క చట్రానికి మంచం నవారులా బిగించి, సన్న సూదితో జరీ దారం, పూసలు, అద్దాలు కుట్టడం. కొట్టు నాది, నోరు నాది. పనితనం మాత్రం పక్క పల్లె దరియాలతిప్ప నుంచి వచ్చే ఆవిడది. నేను కొలతలు తీస్తాను, బేరమాడతాను, ఆలస్యమైతే అబద్ధాలాడతాను. ఆవిడ చట్రం ముందు కూర్చుని తలొంచితే సాయంత్రానికి గుడ్డ మీద నెమలి లేచేది. పదకొండేళ్లు ఆవిడ చేతుల మీదే బతికాను. ఆ మాట ఆవిడతో ఒక్కసారీ అనలేదు, ఎక్కడ నెత్తికెక్కి కూర్చుంటుందోనని.

మా పనికి ఆషాఢం గండం. పెళ్లిళ్లుండవు కాబట్టి జాకెట్లుండవు. శ్రావణం వచ్చిందంటే మళ్లీ అన్నం తినడానికి తీరదు. మధ్యలో ఆ నెల రోజులు పనిమంతుల్ని వదిలేస్తే మరి దొరకరు. అందుకని మా కొట్లో మొదటి నుంచీ ఒక పద్ధతి ఉంది. పని లేకపోయినా ఆషాఢంలో సగం జీతం, ఆరు వేలు, అమావాస్య మర్నాడే ఆవిడ చేతిలో పెట్టేదాన్ని. ఆవిడ నెలంతా ఇంటిపట్టున ఉండి, శ్రావణ పాడ్యమికి ఠంచనుగా వచ్చి చట్రం ముందు కూర్చునేది. కాగితం లేదు, సంతకం లేదు. ఆషాఢం జీతం అనేవాళ్లం, అంతే.

కిందటేడు పక్కవీధిలో కొత్త కొట్టు తెరిచారు. పేరుకే కొట్టు. పనంతా ఫోన్లోనే. వీడియోలు, పాటలు, వేలల్లో లైకులు. నా దగ్గర పెళ్లి జాకెట్టు కుట్టించుకున్న పిల్లే ఒకత్తి వచ్చి, "మీ పేజీ ఏదాంటీ?" అంది.

"పేజీ ఏంటే, ఎదురుగా కొట్టుంటే!"

"అంటే... పేజీ లేదా?" అంది, ఇంట్లో కుళాయి లేదని చెప్పినట్టు జాలిగా చూసి.

ఆ శ్రావణంలో జాకెట్లు సగానికి సగం పడిపోయాయి. ఈ ఏడూ అలాగే అయితే ఆవిడకి జీతం ఇవ్వలేను. ఆవిడ వెళ్లిపోతే కొట్టుకి తాళమే. ఆ భయంతోనే, ఎవరో చెబితే, హైదరాబాదులో సోషల్ మీడియా పనులు చేసిపెట్టే ఆఫీసుకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి మాట్లాడింది. తేనె పూసినట్టు మాట్లాడింది. నెలకి పదివేలు, ఎనిమిది పోస్టర్లు, నాలుగు రీళ్లు. చీటీ పాడి పదివేలూ కట్టేశాను.

కట్టాక చెప్పింది, బూస్టింగుకి వేరేగా ఆరు వేలవుతుందని.

"అదేంటమ్మా, మరి పదివేలిచ్చాను కదా?"

"అది పోస్ట్ తయారుచేసి పెట్టినందుకు మేడం. జనానికి కనబడాలంటే కంపెనీకి విడిగా కట్టాలి."

అంటే వంటకి పదివేలు, వడ్డనకి ఆరు వేలు. వండింది వడ్డించకపోతే వండీ దండగే కదా! అప్పుడు నా సొరుగులో ఉన్నది సరిగ్గా ఆరు వేలే. అవి ఎవరివో నాకు తెలుసు.

జ్యేష్ఠం వెళ్లేలోపు వీడియోలు తీసి పంపమన్నారు. చివరి జాకెట్టు కుడుతుంటే ఫోను పట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. "సేతులు కడుక్కొత్తానుండండి అక్కగారూ, బోసిగా ఉన్నాయి కూడాను," అంది సిగ్గుపడుతూ. నా చేతి బంగారు గాజులు నాలుగూ తీసి ఆవిడకి తొడిగాను. ఆ చేతులు జరీ దారం లాగుతుంటే, నేను తీసిన వీడియోనే అయినా, చూస్తూ ఉండిపోయాను. అయిపోగానే గాజులు జాగ్రత్తగా తుడిచి ఇచ్చేసింది.

అప్పుడే చెప్పాను. "ఈసారి ఆషాఢం జీతం శ్రావణంలో కలిపి ఇస్తానమ్మా. డబ్బు ప్రకటనకి పెడుతున్నాను. మన కోసమే."

ఆవిడ సూది డబ్బాలో పెట్టి మూత బిగించింది. "ఆయ్, అలాగేనండి," అంది. పోట్లాడితే బాగుండేది. నాలుగు మాటలంటే నేను పది మాటలని, ఆ వేడిలో సగమైనా ఇచ్చేదాన్నేమో.

ఆఫీసువాళ్లు ఫోనుకి ఒక ఫారం పంపారు. కొట్టు పేరు, ఊరు, రాష్ట్రం, ప్రకటన ఎక్కడివాళ్లకి కనబడాలి. ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. యానాం చుట్టూ ఎటు చూసినా ఆంధ్రా. మేమేమో పాండిచ్చేరి కింద. నేను కోడలిగా వచ్చిన కొత్తలో రేషన్ కార్డు కాగితంలో రాష్ట్రం దగ్గర ఆంధ్రప్రదేశ్ అని రాసి రెండుసార్లు తిప్పి పంపించుకున్నాను. గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసిన మా ఆయన అప్పుడు పిల్లల చేత ఎక్కాలు చెప్పించినట్టు నాతో చెప్పించారు, రాష్ట్రం అంటే పాండిచ్చేరి అని, పేరు మార్చాక పుదుచ్చేరి అని. ముప్ఫయ్యేళ్లుగా ఏ కాగితమిచ్చినా నా చెయ్యి అదే రాస్తుంది. ఇక్కడా అదే రాశాను. రాష్ట్రం, పుదుచ్చేరి. ఎక్కడివాళ్లకి కనబడాలి, పుదుచ్చేరి. మా ఊరివాళ్లకే కదా కనబడాలి!

ఆషాఢం మొదలైంది. వారం తిరిగేసరికి ఆ అమ్మాయి ఫోను. "సూపర్ రెస్పాన్స్ మేడం! చేతుల రీల్ నలభై వేల మంది చూశారు."

అయ్యబాబోయ్, నలభై వేలే! ఆ రోజు స్వీట్లు తెప్పించాను. మా ఆయన మాత్రం లడ్డూ తింటూ, "చూసినవాళ్లలో ఒక్కత్తయినా గుమ్మమెక్కిందా?" అన్నారు. ఆయన నోట ఎప్పుడు మంచి మాటొచ్చింది గనక!

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. రోజుకి అయిదారు. ఒక్క ముక్క అర్థం కాదు. "ఎవ్వళవు, ఎవ్వళవు" అంటారు. నేను తెలుగులో చెబుతాను, వాళ్లు అరవంలో అడుగుతారు, ఇద్దరం కాసేపు అరుచుకుని పెట్టేస్తాం. మూడోరోజు విసుగొచ్చి ఫోను మా ఆయన చేతిలో పెట్టాను. ఆఫీసు పనిమీద పాండిచ్చేరి తిరిగిన మనిషి, కాస్త అరవం వచ్చు. మాట్లాడి, ఫోను పెట్టేసి, నావంక తిరిగారు.

"ఎవ్వళవంటే ఎంత అని. నీ కొట్టు పాండిచ్చేరిలో ఏ వీధిలో ఉందని అడుగుతోందావిడ," అన్నారు.

పాండిచ్చేరి! ఒక రాత్రీ కొంత పగలూ ప్రయాణం చేస్తే గానీ రాని ఊరు. నా ప్రకటన అంతా అక్కడ తిరుగుతోంది. పక్కూరు అడవిపొలంలో ఒక్క ఆడకూతురికి కనబడలేదు. కాకినాడలో కనబడలేదు. వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం అంతా విని, నేను నింపిన ఫారాన్నే ఫొటో తీసి పంపింది. "మీరే పెట్టారు కదా మేడం. పుదుచ్చేరి అంటే అదే వస్తుంది మాకు." గొంతులో వెటకారం కూడా లేదు. డబ్బు కంపెనీకి వెళ్లిపోయింది, తిరిగి రాదు, కావాలంటే ఇంకో ఆరు వేలు కడితే మా చుట్టుపక్కలకి పెడతానంది. ఎవరిని తిట్టను? రాసింది నేను. రాయడం నేర్పిన మా ఆయన్ని పట్టుకుని సాయంత్రం దాకా సాధించాను. ఆయన రేడియో పెట్టుకున్నారు.

శ్రావణ పాడ్యమి వచ్చింది. చట్రం తుడిచి, కొత్త గుడ్డ బిగించి, వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. ఆవిడ రాలేదు. మర్నాడూ రాలేదు. పాత ఖాతాదార్లు నలుగురు వచ్చి, "ఆవిడే కుట్టాలండి," అని గుడ్డలిచ్చిపోయారు. మూడోరోజు, ఆదివారం, ఆటో ఎక్కి దరియాలతిప్ప వెళ్లాను.

అరుగు మీద కూర్చుని చేతులకి కొబ్బరినూనె రాసుకుంటోంది. నన్ను చూసి లేచి చాప వేసింది. ఆషాఢంలో ఇల్లు గడవక రొయ్యల ప్లాంటులో చేరిందట. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుందట. దసరా దాకా మానడానికి లేదట.

"అడ్వాన్సు నేను కడతానమ్మా, వచ్చెయ్," అన్నాను. ఎక్కడ తెచ్చి కడతానో నాకే తెలియదు.

ఆవిడ చేతులు చాపింది. ఐసులో, ఉప్పునీళ్లలో రోజంతా రొయ్యలు ఒలిచిన చేతులు. వేళ్ల చివర్లు పగిలిపోయాయి, గోళ్ల పక్కన చర్మం లేచిపోయింది. "పట్టుదారం పట్టుకుంటే సాలండి, ఎక్కడికక్కడ సిక్కుకుపోతంది. మొన్న ఇంట్లో సూసుకున్నాను. ఇంక నా వల్ల కాదండి," అంది, ఏదో తనదే తప్పయినట్టు. నాకు ఏడుపొచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా బతుకు.

ఫోను తీసి రీలు చూపించాను. అప్పటికి లక్ష దాటింది. కింద అంతా అరవంలో రాసి, దణ్ణాల బొమ్మలు, పువ్వుల బొమ్మలు. ఆవిడ కొంగుతో వేలు తుడుచుకుని తెర మీద పెట్టి, మళ్లీ మళ్లీ చూసింది. మొహం వెలిగిపోయింది.

"అయ్ బాబోయ్, నా సేతులే! ఇంతమంది సూత్తే ఆళ్లు మనకి డబ్బులిత్తారా అండి?"

"లేదమ్మా. మనమే ఇవ్వాలి."

"ఆయ్?" అంది. తర్వాత నవ్వింది. "సేతులు నాయి, గాజులు మీయి. డబ్బులు ఆళ్లకాండి? ఇంతకీ ఎంతిచ్చారేటండి?"

ఆరు వేలని చెప్పడానికి నోరు తెరిచాను. బేరానికీ అబద్ధానికీ ఎన్నడూ తడుముకోని నోరు. ఆవిడ జవాబు కోసం నావంక చూస్తూనే ఉంది, చేతిలో రీలు తిరుగుతూనే ఉంది.