ఆటు వేళ మూగబోయే పెట్టె

కుకుప్ తీరంలో, సముద్రం మీద తేలే, చేపలు పెంచే తెప్పల మధ్య రోహాయా పడవ చప్పుడు తెలియనివాళ్ళు లేరు. ప్రతి తెప్ప మీదా ఒక పెట్టె ఉంటుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గితే అది యజమాని ఫోనుకు కబురు పంపాలి. కబురు ఆగితే చేపలు చచ్చి తేలతాయి. పెట్టెలో చీమలు దూరినా, తీగ తుప్పుపట్టినా, ఇన్నేళ్ళూ ఉప్పునీళ్ళలో తడుస్తూ వెళ్ళి బాగుచేసింది రోహాయానే. పెట్టెల కంపెనీలో పెద్ద కుర్చీ మాత్రం మొన్న వచ్చిన ఇజ్జతికి దక్కింది. ఆ పిల్ల నవ్వితే రోహాయాకు ఒళ్ళు మంట. ఆ పిల్ల బూట్లు ఎప్పుడూ పొడిగా ఉండటం చూస్తే ఇంకా మంట.

డోలా అనే ముసలాయన కాపలా కాసే తెప్ప మీది పెట్టె రోజూ కాసేపు మూగబోతోంది. ఇజ్జతి ఒడ్డున కూర్చుని రెండు రోజుల పగటి లెక్క చూసింది. రెండుసార్లూ భోజనాల వేళే. ముసలాయన ప్లగ్ పీకి రైస్ కుక్కర్ పెట్టుకుంటున్నాడని తేల్చేసింది. సాయంత్రానికల్లా అతన్ని పనిలోంచి తీసేయమన్నారు పైవాళ్ళు. ఖరీదైన పెట్టెను ఎవరూ అనుమానించరు. కూలివాడిని అనుమానించడానికి ఖర్చేముంది?

ఆ పిల్ల తప్పు పట్టుకోవాలనే రోహాయా బయల్దేరింది. డోలా మీద జాలితో కాదు.

"ప్లగ్ పీకావా మామా?"

"పీకుంటే నన్ను వలలో పడెయ్యమ్మా. ఎముకలే కదా, చేపలు కూడా ముట్టవు. నేను పొద్దున్నే వండేసుకుంటా."

రోహాయా పెట్టె పక్కనే కూర్చుంది. ప్లగ్ దాని చోట అది ఉంది. ఆటుకు నీరు తీస్తున్న కొద్దీ తెప్ప కిందికి దిగింది. ఒడ్డున కొత్తగా కట్టిన రాతిగోడ వెనక సెల్ టవర్ కనుమరుగైంది. పెట్టె మీది పచ్చదీపం ఎర్రబడింది. యాంటెన్నాను పొడవాటి వెదురుకు కట్టి పైకెత్తగానే మళ్ళీ పచ్చబడింది.

రోహాయా లోపల పండగ. శుక్రవారం మీటింగులో అందరి ముందూ చెప్పాలి. ఆ పిల్ల మొహం మాడిపోవాలి. అప్పటిదాకా నోరు విప్పకూడదు.

"ఈ చాప నువ్వు తీసుకుంటావామ్మా? నా మూటలో పట్టట్లేదు," అన్నాడు డోలా.

రోహాయా తనను తానే తిట్టుకుని ఫోనులో రాత్రి లెక్క తీసింది. ఆటు రోజుకు రెండుసార్లు కదా, అప్పుడూ పెట్టె ఆగింది; వెంటనే ఇజ్జతికి ఫోన్ కలిపింది.

"ఇజ్జతీ, పెట్టె అర్ధరాత్రి కూడా ఆగింది, చూశావా? అప్పుడు కూడా మామ అన్నం వండుకున్నాడా?"

"రాత్రివి చూడలేదక్కా."

రోహాయా ఆటు సంగతీ గోడ సంగతీ చెప్పింది.

"అబ్బ, భలే పట్టావక్కా!"

ఆ మెచ్చుకోలు రోహాయాకు కారం రాసినట్టయింది. కనీసం ఏడ్చినా బాగుండేది.

"మెచ్చుకోలు తర్వాత. మామ ప్లగ్ పీకలేదని ఇప్పుడే రాసి పైకి పంపు. నింద వేసింది నువ్వేనని రాయి. పట్టుకున్నది ఎవరో కూడా రాయి. పేరు పూర్తిగా."

"రాస్తానక్కా. చదివి వినిపించనా?"

"వినిపించు. మెల్లగా చదువు," అంది రోహాయా.