బియ్యంలో రాసిన రాత్రి

మా అమ్మాయి అత్తవారిది కడియం. అల్లుడికి అక్కడ నర్సరీ ఉంది. మొన్న మనవరాలి బారసాలకని ముందురోజే వెళ్తే, మా అమ్మాయి పిల్లను ఒళ్లో పెట్టుకుని ఫోన్లో పేర్లు వెతుకుతోంది. జ్యోతి, ప్రభ, దీప్తి, వెన్నెల... అన్నీ వెలుగులే. పిల్ల అమావాస్యనాడు పుట్టింది, పైగా నా పోలికే, ఓ పిసరు నలుపు. అందుకని వెలుగున్న పేరే పెట్టాలని వియ్యపురాలు పట్టుబట్టారట. నాకు నవ్వాగలేదు. అరవయ్యేళ్ల కిందట మా ఇంట్లోనూ అచ్చంగా ఇదే గొడవ!

నేనూ అమావాస్యనాడే పుట్టాను. నా పేరు జ్యోతి అని మా నాయనమ్మ ఖాయం చేసేసి, వీధంతా చెప్పుకుంది కూడా. మా నాన్నగారు తెలుగు మాస్టారు. బారసాలనాడు పళ్లెంలో బియ్యం పరిచి, ఉంగరంతో పేరు రాయమంటే, ఆయన ఎవరికీ చెప్పకుండా విభావరి అని రాసేశారట. బియ్యంలో రాశాక చెరిపేదెవరు? "అదేం పేరురా నాయనా, నోరు తిరగొద్దూ!" అని నాయనమ్మ ఆ పూట భోజనం మానేసింది. బతికినంతకాలం నన్ను జ్యోతీ అనే పిలిచింది, నేను రెండు పేర్లకూ పలికేదాన్ని.

చిక్కంతా పదో తరగతిలో వచ్చింది. పక్కబెంచీ పిల్ల నిఘంటువు తిరగేసి, విభావరంటే రాత్రని కనిపెట్టి క్లాసంతా చాటేసింది. అసలే నల్లపిల్లను, ఇక చూసుకోండి, చీకటమ్మా అని ఒకటే వేళాకోళం. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి, పబ్లిక్ పరీక్ష ఫారంలో జ్యోతి అని మార్పించమని నాన్నగారి మీద విరుచుకుపడ్డాను. ఆ ఫారంలో పడ్డ పేరే జన్మంతా ఉండిపోతుంది, మీకు తెలియనిదేముంది! ఆయన కోప్పడలేదు. మూడు సాయంత్రాలు తనతో డాబా ఎక్కమనీ, ఆ తరవాత ఫారం నన్నే నింపుకోమనీ అన్నారు.

మొదటి సాయంత్రం అచ్చతెలుగు మాటలు. చీకటిని పూర్వం ఇరులు అనేవారట. కారు అంటే నలుపట, కారుచీకటీ కారుమబ్బూ అందులోంచి వచ్చినవేనట. మబ్బు నల్లబడకపోతే మన వరిచేల గతేంటని నవ్వారు. రెండోనాడు యామిని. యామమంటే జాము, జాములు గలది గనక రాత్రికి ఆ పేరు. అక్కణ్ణుంచి అమావాస్యలోకి వెళ్లారు. అమా అంటే కలిసి, వాసమంటే ఉండటం; సూర్యుడూ చంద్రుడూ ఒకే ఇంట్లో ఉండే రోజట. నా పుట్టినరోజు అంత మంచిదని నాకప్పటిదాకా ఎవరూ చెప్పలేదు!

మూడోనాడు మేం డాబా ఎక్కేసరికి కరెంటు పోయింది. కాసేపటికి ఆకాశం నిండా చుక్కలు, ఎక్కడ చూడాలో తెలియనన్ని. అప్పుడు చెప్పారు నాన్నగారు, విభ అంటే కాంతి అని, విభావరి అంటే మెరిసేదని, ఆ చుక్కల్ని చూసే పెద్దలు రాత్రికి ఆ పేరు పెట్టారని. వెలుగు పేరు పెట్టలేదని మూడు రోజులు ఏడ్చానే, ఆయన పెట్టింది వెలుగే! సోమవారం ఫారంలో విభావరి అని నేనే, సిరా అలుక్కుపోయేంత ఒత్తి రాశాను. చీకటమ్మా అన్న పిల్లే వారం తిరక్కుండా తన పేరుకి అర్థం చెప్పమని నా వెంటపడింది.

ఇదంతా చెబితే కడియంలో అందరూ నవ్వారు, అల్లుడు మాత్రం నవ్వలేదు. పొద్దుగూకాక నన్ను చామంతి మడులకు తీసుకెళ్లాడు. మొక్కల మీద వరసగా బల్బులు వెలుగుతున్నాయి.

"ఈ దీపాలున్నన్నాళ్లూ మొక్క ఎదుగుద్దేగానీ మొగ్గ తొడగదండి, అత్తయ్యగారూ. చీకటి తగిలితేనే పూస్తదండి," అన్నాడు.

మర్నాడు బియ్యంలో యామిని అని రాశాడు. వియ్యపురాలు ఓ నిమిషం మూతి ముడిచి, "పలకడానికి బానే ఉందిలెండి," అంటూ రెండు బూరెలు వడ్డించుకున్నారు.

అంతా బాగానే ఉంది. ఆ సాయంత్రం పిల్లను ఎత్తుకుని డాబా ఎక్కితే, రోడ్డు లైట్లూ మడుల్లో బల్బులూ కలిసి, లెక్కపెడితే ఏడు చుక్కలు కనబడ్డాయి. దీనికి పేరైతే పెట్టుకున్నాంగానీ, చూపించడానికి రాత్రేదీ? అల్లుడితో అంటే, పిల్లకు ఊహ తెలిశాక ఒక సాయంత్రం బల్బులన్నీ ఆపేస్తానన్నాడు. ఆ సాయంత్రం దాకా నేనుండాలి. డాబా మెట్లు ఎక్కే ఓపికా ఉండాలి.