పండుకున్నందుకు కిరాయి

ఇది ఒక మహాయాత్ర కథ. ఇందుల ఎండిన వాగులున్నయి, కొండలంత గుండ్లున్నయి, ఒక మహానగరం ఉన్నది, ఆ నగరంల ఏడు గడపలు తొక్కి ఏడు చోట్లా ఓడిన ఒక వీరుడున్నడు. చదివేటోళ్ళు రుమాలు దగ్గర పెట్టుకోవాలె.

నిజం చెప్పాల్నంటే అంత లేదు. నేనూ మా బాపూ జడ్చర్లల బస్సెక్కి పట్నం పోయి, రాత్రి పండుకునేటందుకు జాగా దేవులాడినం. గడపలు ఏడు కాదు, మూడు. వాగులు బస్సు కిటికీలకెల్లి కనవడ్డయి.

బాపు గొర్లు కాస్తడు. ఆ ఏడు ఆయన ఎడమ కంటికి పొర పూర్తిగ కమ్మింది, కుడి కంటికి కమ్ముతాంది. మా దిక్కు మెట్ట చెలకలల్ల రాతిగుండ్లు మంద లెక్కనే పరుచుకొని ఉంటయి. మంచి కండ్లున్నోళ్ళకు గూడ దూరం నుంచి ఏది గుండో ఏది గొర్రో తెల్వది. బాపు ఒక పొద్దు ఒక గుండును మందల కలుపుదామని చానసేపు అదిలిచ్చిండు. అది కదలలేదు. ఇంటికొచ్చి, "మొండి ముండ," అని తిట్టిండు. ఆ మాట విని బాపును కన్న అవ్వ ఏడ్చింది, నేను నవ్విన. ఇద్దరికీ తెలిసిన సంగతి ఒక్కటే.

ఇంక ఆలస్యం చేస్తే రెండో కన్ను గూడ పోతదని జడ్చర్ల డాక్టరు చెప్పి, పట్నంల కండ్ల దవాఖానకు చీటీ రాసిచ్చిండు. బాపు ఒప్పుకునేసరికి ఎండకాలం పోయి వానకాలమొచ్చింది, వానలు మాత్రం రాలే. ఒప్పుకున్నప్పుడు గూడ షరతు పెట్టిండు.

"పండుకునే జాగా నాకు నచ్చాలె. నచ్చకుంటే పొద్దుగూకె బస్సుకు మళ్ళొస్త."

అంటే బాపు కన్ను ఇప్పుడు డాక్టరు చేతుల లేదు, లాడ్జి మేనేజరు చేతుల ఉన్నది. జాగా దవాఖానకు దగ్గరుండాలె. కట్టు కట్టినంక రిక్షాల కుదుపులు పనికిరావని విన్న. మా సంచికి తగ్గ కిరాయి ఉండాలె. పైకెల్లి బాపుకు నచ్చాలె. ఈ మూడూ కలిసిన జాగా స్వర్గంల ఉన్నదేమో గని, అక్కడికి మా బస్సు పోదు.

ఆ పొద్దు పట్నం ఎట్లుండెనో నేను రెండు తీర్ల చెప్పగల్గుత. నా కండ్లకు దుమ్ము, టాంగాలు, తోపులాట. బాపు నా భుజం పట్టుకొని నడుసుకుంట తనకు కనవడ్డది చెప్తుంటే మాత్రం అది వేరే ఊరు. పాలనురుగసొంటి వెలుగుల మనుషులు నడుస్తలేరు, తేలుతున్నరు. రిక్షాలు నీళ్ళ మీద పోతున్నయి. మినార్లకు కింద ఏం లేదు, మబ్బులకెల్లి వేలాడుతున్నయి. కొద్దిసేపటికి నాక్కూడ అట్లనే కనవడుడు మొదలైంది.

"గా తెల్లగ ఊగేటివి ఏందిరా? కొంగల గుంపా?"

"చాకలాయన ఆరేసిన ధోతులు, బాపూ."

"కొంగలే మంచిగుండె," అన్నడు.

మొదటి లాడ్జి మేము బస్సు దిగిన స్టేషనుకు ఎదురుంగ ఉన్నది. తల మీద ఫ్యాను తిరుగుతాంటే బల్ల వెనుక మేనేజరు కూసున్నడు. ఇద్దరికి రాత్రికి నాలుగు రూపాయలన్నడు.

బాపు మెచ్చుకున్నట్టు తలూపిండు. "మంచిదే సేటూ. రూపాయలకంటె జొన్నలైతే మాకింక బాగుండు."

మేనేజరు నా దిక్కు చూసిండు. నాకు సంగతి తెలుసు గని, ఎక్కడికెల్లి చెప్పాల్నో తెల్వలే. మా తాన రాత్రిపూట మందను రైతుల చెలకలల్ల ఆపుతరు. గొర్ల పెంటికలు భూమికి ఎరువు. అందుకని రైతే కాపరికి అన్నం పెట్టి, జొన్నలు కొలుస్తడు. బాపు పుట్టినకాడికెల్లి మంది భూములల్ల పండుకున్నడు. పండుకున్నందుకు తీసుకున్నడు గని ఎన్నడూ ఇయ్యలేదు.

"నువ్వియ్యాలె, పెద్దమనిషీ. మేమిచ్చుడు కాదు," అన్నడు మేనేజరు.

"మీ జాగల వచ్చి పండేది మేము గదా?"

నేను చెలక ముచ్చట విప్పి చెప్పిన. మేనేజరు పూర్తిగ విని, "మరి గొర్లేవీ?" అన్నడు.

"తేలే," అన్నడు బాపు.

"తెస్తే అప్పుడు మాట్లాడుదాం."

తర్కంల మేనేజరు గెలిచిండు. మేము బయటికొచ్చినం.

రెండోది మూసీ అవతల. కిరాయి సగమే గని, దవాఖానకు అక్కడికెల్లి ఇంకో ప్రయాణం. బాపు వాళ్ళు చూపిన అర్రలకు పోయి, కండ్లు మూసుకొని, గాలి ఎటుకెల్లి వస్తాందో మొఖంతోని చూసిండు. మందను ఆపే ముందు ఆయన ఎప్పుడూ చేసే పనే అది. గాలి ఎటుకెల్లీ వస్తలేదు.

"జీవాలు ఉక్కకు సస్తయి ఇక్కడ."

"జీవాలు లేవు బాపూ, మనమే."

"మనం జీవాలం కామా?"

బాపు చెయ్యి నా భుజం మీద ఏసుకున్న. మళ్ళ నది దాటినం. నీళ్ళ మీద ఎండ విరిగి, బాపు చెప్పినట్టు, ఎవరో ఇత్తడి బిందెలు పారబోసినట్టున్నది. నా చెప్పు అక్కడనే తెగింది.

మూడోది దవాఖాన వెనుక సందుల చాయ్ హోటలు. నడిపేటామె నడీడు ఇల్లాలు. మిద్దె మీద నులక మంచాలు కిరాయికిస్తది. మంచానికి అర్ధ రూపాయి. మిద్దె మీద గాలి ఉన్నది, ఆకాశమూ ఉన్నది. తప్పు పట్టేటందుకు ఏమీ దొరకక బాపు కొంచెం ఇబ్బంది పడ్డడు.

"చెల్లె, నేను నిద్రల గూడ ఒక చెవి తెరిచే ఉంచుత. రాత్రంత మీ ఇంటికి కావలుంట. కిరాయి మాఫ్ చెయ్యరాదు?"

"కావలికి కుక్కున్నదన్నా. ఒక్క కాలు కుంటిదైనా, అరుస్తది."

బాపు మంచం మీద కూసున్నడు. పొద్దు వాలుతాంది. సందుల దీపాలు ముట్టిస్తున్నరు. బాపుకు ఒక్కో దీపం చుట్టు రంగుల గుండ్రం కనవడ్తాందట, పట్నమంత చిన్నచిన్న చందమామలు పూసినట్టు. నేను గూడ కండ్లు సగం మూసి చూసిన. నాకు దోమలే కనవడ్డయి.

"బస్సు ఇంక ఉంటదా?" అన్నడు మెల్లగ.

"ఈ జాగాకేమైంది, బాపూ?"

బాపు మంచం నులకను వేళ్ళతోని తడిమిండు. "జాగాకేం కాలే. కంటి మీద కత్తి పెడ్తరంట గద కొడుకా. అప్పుడు ఎటు చూడాలె?"

అప్పుడర్థమైంది నాకు. పొద్దటికెల్లి ఆయన దేవులాడింది పండుకునే జాగా కాదు, మళ్ళిపోయేటందుకు ఒక సాకు.

అంతల దవాఖాన గోడ అవతలికెల్లి ఒక గొంతు లేచింది. "గీ పప్పుల ఉప్పేది? నా కన్ను గోసినరు గని, నాలుక గొయ్యలే గద!"

బాపు తల అటు తిరిగింది. "ఎవడు రా వాడు?"

సందు ఇరుకు. గోడ అవతల దవాఖాన వరండా మంచిగ కనవడ్తాంది. "ఒక ముసలాయన, బాపూ. కంటికి పచ్చగుడ్డ కట్టుకున్నడు. పల్లెం దూరం జరిపిండు. నర్సమ్మ ఉప్పు తెస్తాంది. ఇగో, మళ్ళ దగ్గరికి గుంజుకున్నడు."

"తింటుండా?"

"నర్సమ్మను తిట్టుకుంటనే తింటుండు."

బాపు చెవి అటే పెట్టి చానసేపు విన్నడు. ముసలాయన రెండోసారి అన్నం అడిగిండు. బాపు తలపాగ విప్పి, మడిచి, తలకింద పెట్టుకొని ఒరిగిండు.

"ఉప్పు కోసం కొట్లాడుతుండంటే మంచిగనే ఉన్నట్టు," అన్నడు. బస్సు మాట మళ్ళ ఎత్తలే.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పి లావు అద్దాలు పెట్టిన పొద్దు బాపు ముందుగాల నా మొఖం దిక్కే చూసిండు.

"ఇంత నల్లగున్నవేందిరా?" అన్నడు.

ఇంక మిగిలింది, తెల్లారి దవాఖాన లోపలికి పోయినంక కంపౌండరు చెప్పిన ముక్క. చీటీ ఉన్నోళ్ళను ఆపరేషన్‌కు ముందురోజు మాపటికే వార్డుల చేర్చుకొని మంచమిస్తరట. వెంటొచ్చినోళ్ళు వరండాల చాప పరుచుకోవచ్చు, కిరాయి లేదు. చాప మాత్రం ఇంటికెల్లే తెచ్చుకోవాలె.