చేపనూనె తాగిన ట్రాక్టరు

చలికాలంలో ట్రాక్టరు మొండికేస్తే, చమురులో వేలు ముంచి వాసన చూసి జబ్బు చెప్పగలిగినవాణ్ణి బరంపురం నుంచి రామయ్యపట్నం దాకా ఆ రోజుల్లో నేనొక్కణ్ణే. పెద్ద పెద్ద ఇంజనీర్లు వారం రోజులు పుస్తకాలు తిరగేసి వదిలేసిన బండిని ఒక్క పూటలో దారికి తెచ్చాను.

ఇంజనీర్లు లేరు. పాత్రపూర్ సర్కారు వ్యవసాయ ఫారంలో ఉన్నది ఒక ఒడియా ఆఫీసరు బాబు, ఆయన చేతిలో ఒక ఇంగ్లీషు పుస్తకం. వారం కాదు, మూడు రోజులు. ఇక వాసన సంగతి, అది కూడా ఒప్పుకుంటాను, కాస్త ఆగండి.

ఒరిస్సా వేరుపడి కొన్నేళ్లయినా మా పెద్దవాళ్లు దాన్ని కొత్త రాష్ట్రమనే అనేవారు. యుద్ధం ముగిశాక ఆ కొత్త రాష్ట్రం మా వైపు ఒక ట్రాక్టరు పంపింది. మీట లాగితే చమురు బలంతో నాగలి దానంతటదే పైకి లేచే రకం. దాన్ని తోలే పని నాకు దొరికింది. రామయ్యపట్నంలో పడవల వాళ్లింట పుట్టి, పడవ ఎక్కితే చాలు కక్కుకునేవాణ్ణి నేను. నా వాంతులు చూసి మా వీధి వీధంతా నవ్వేది. నేల మీద బతకడానికి నాకు దొరికిన ఒకే ఒక్క దారి ఆ బండి. అది పోతే మళ్లీ పడవే.

కార్తీకంలో, ఎండ ఇంకా చురుక్కుమంటున్నప్పుడు, రైతులకు నాగలి లేపి చూపించే హుషారులో అడుగు బోల్టు సరిగా బిగించక సగం చమురు చేలో కార్చేశాను. బాబుకి చెబితే పని పోతుంది. ఊరికెళ్లి మా అప్పని, అదే మా అక్కని, అడిగి ఒక కుండెడు చేపనూనె తెచ్చి పోశాను. మా ఊళ్లో పడవ చెక్కకి పూసేది అదే, కిర్రుమనే గిలకకి రాసేది అదే, నడుం పట్టేస్తే మర్దనా చేసేదీ అదే. ట్రాక్టరుకి మాత్రం పనికిరాదా అనుకున్నాను. పనికొచ్చింది కూడా. చేపల కంపు ఎవరికైనా తగిలితే అది నా ఒంటిదనుకున్నారు.

పుష్యంలో మంచు దిగింది. తెల్లవారి మీట లాగితే నాగలి కదల్లేదు. పది గంటలకి మూలుగుతూ జానెడు లేచింది. మధ్యాహ్నం ఏమీ ఎరగనట్టు పూర్తిగా లేచింది. మర్నాడూ అంతే. వరి కోసిన పొలాల్లో పదును ఆరిపోతోంది, దున్ని పెసలు చల్లాలి. రైతులు గట్టు మీద చేరి నన్ను ఆటపట్టించడం మొదలుపెట్టారు.

“ఒరే, దానికి సలిజొరంరా. అల్లం కసాయం పట్టు.”

“పట్టినాను మావా, నీకే మిగల్లేదు.”

గోనెసంచులు కప్పాను, పక్కన నెగడు వేశాను. ఆ నెగడు దగ్గర రైతులు చలి కాచుకున్నారు గానీ నాగలి లేవలేదు.

బాబు పుస్తకం విప్పాడు. మీట నుంచి లోపలికి పోయే కడ్డీలు చూశాం, బాగున్నాయి. చమురు నిండుగా ఉంది. నాగలి ఊడదీసి, దాన్ని ఎత్తే ఇనప చేతుల్ని మాత్రం లేపి చూశాం, పొద్దున్నే అవీ లేవలేదు. అతుకులన్నీ బిగించాం. మూడో రోజు సాయంత్రం బాబు పేజీ మీద వేలు పెట్టాడు.

“రేపు పొద్దున్నే చమురంతా దింపు. లోపల చమురు వడకట్టే జాలీ కడిగి కొత్తది పోద్దాం. అప్పటికీ లేవకపోతే బండి బరంపురం పోతుంది, నువ్వు ఇంటికి పో.”

ఆయన భయం నాగలి లేవదని. నా భయం, చమురు దింపితే నా గుట్టు కూడా దిగుతుందని.

మర్నాడు పాత్రపూర్ సంత. ఎండు చేపల బుట్టతో మా అప్ప సరాసరి ఫారంలోకి వచ్చింది. తమ్ముడికి కష్టమొచ్చిందని ఎవరో చెబితే ప్రాణం ఆగక వచ్చింది. బండి కింద పడుకుని ఉన్న నా మీదికి వంగి, ముక్కు ఎగబీల్చింది.

“ఒరే, మన నూనె ఇందల పోసినావేట్రా?”

“మెల్లగా అప్పా, బాబు ఇంటాడు.”

“సలికి మన కుండలో నూనె పేరుకోదేటి? పొయ్యికాడ ఎట్టి కరిగిస్తే గానీ పూతకి రాదు గదా. దీని కడుపులోనా అంతే. పెద్ద డైవరు!”

పుట్టినప్పటి నుంచీ ప్రతి చలికాలం చూసిన సంగతే. నా బుర్రకి తట్టలేదు, అంతే. వాసన పట్టింది అప్ప, నేను కాదు.

బోల్టు విప్పాను. చిక్కటి నూనె ముద్దలు ముద్దలుగా దిగింది. జాలీ నిండా గడ్డలే. కంపు గుప్పుమంది. బాబు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వస్తున్నాడు.

“కొణొ హెలా రే? ఏమైందిరా? ఏమిటీ వాసన?”

నేను నోరు తెరిచేలోగా అప్ప బుట్టని చక్రానికి ఆనించి, పైన కప్పిన గుడ్డ లాగేసింది.

“నా సేపలే బాబూ. మంచి సరుకు, సూడండి. దోసెడు ఎయ్యమంటారేటి?”

బాబు రెండడుగులు వెనక్కి వేసి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. కంపంతా కిరసనాయిలుతో కడిగేదాకా అప్ప అక్కణ్ణించి కదల్లేదు. ఆ పూట సంతలో ఆమెకి బేరమే లేదు.

కొత్త చమురు పోశాక, మరుసటి పొద్దున మంచులోనే నాగలి లేచింది. గట్టు మీద రైతులు ఈలలు వేశారు. బాబు పుస్తకాన్ని కళ్లకద్దుకున్నాడు. నేను అప్పని తలుచుకున్నాను. ఆ తరవాత మళ్లీ పడవ ఎక్కే అవసరం నాకు రాలేదు. తిన్న తిండీ, కట్టిన ఇల్లూ అన్నీ నేల మీదే. చలి మొదలైన ప్రతి ఏడూ ఆ బుట్టకి మనసులో దండం పెట్టుకుంటాను.

ఇదంతా రాసి, బరంపురం దగ్గర అంకులిలో మా ఇంటికి వచ్చిన అప్పకి చదివి వినిపించాను. దండం దగ్గర కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను.

“ఏట్రా ఈ అబద్దాలు? అడిగి పట్టికెల్లినావా నువ్వు? సేపల బుట్ట నెత్తి మీద ఎట్టుకున్నదానికి నూనె వాసన తెలుస్తాదేటి? పడవకి పూద్దామని సూస్తే కుండ కాళీ. దొంగ నువ్వేనని, తన్నడానికొచ్చినాను. ఆ బాబు ఉండబట్టి బతికిపోయినావు. అది రాయి.”