పూజలో పెట్టిన మోటారు

గుణదల వైపున్న ఒక పాత కాలేజీ భవనాన్ని భూకంపానికి తట్టుకునేలా బలపరిచే పని నా చేతికి వచ్చేసరికి ఇంజనీరు ఉద్యోగంలో నాకు మూడో ఏడు. ఇటుకలూ గానుగ సున్నంతో కట్టిన రెండంతస్తుల భవనం అది. గోడల మందం పద్దెనిమిది అంగుళాలు. చూస్తే దీనికేమవుతుందిలే అనిపిస్తుంది. కానీ నేల అటూ ఇటూ ఊగితే అలాంటి గోడలు ముందుగా మూలల దగ్గర ఒకదాన్నొకటి వదిలేస్తాయి. వదిలిన గోడ బయటికి ఒరుగుతుంది, దాని మీద ఆనుకున్న కప్పు కిందికి వస్తుంది. ఆ వదిలెయ్యడాన్ని ఆపడమే మా పని.

బెజవాడలో భూకంపం మాట ఎత్తితే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వరదా తుఫానూ అయితే అందరికీ తెలుసు. అందుకే కాలేజీ కమిటీలో సగంమంది పాతదాన్ని పడగొట్టి కొత్తది కట్టేద్దామన్నారు. సెక్రటరీ గారు మధ్యేమార్గం చెప్పారు. ముందు కింది రీడింగ్ హాలు ఒక్కటీ చేసి చూపించాలి. దసరా వెళ్లాక ఆదివారం కమిటీ వచ్చి చూస్తుంది. భవనం ఉంచాలా తియ్యాలా అన్నది అప్పుడు తేలుస్తారు. అలా మొత్తం భవనం ఆ నాలుగు గోడల మీద ఆధారపడింది.

ప్రతి పనికీ జాబితా రాసుకోవడం నాకు అలవాటు. దీనికి రాసుకున్నది ఇది: పాత ప్లాస్టరు చెక్కెయ్యాలి. ఇటుకల మధ్య వదులైన సున్నం గీకాలి. మూలల్లోనూ కిటికీల పైనా గోడకు రెండు వైపులా ఇనుప జాలీ పరిచి, గోడకు బెజ్జాలు వేసి, రెండు జాలీలనూ కడ్డీలతో కలిపి కట్టాలి. దాని మీద సిమెంటు పూత వెయ్యాలి. తర్వాత పది రోజులు, రోజుకు మూడుసార్లు గోడ తడపాలి. పాత ఇటుకకు దాహం ఎక్కువ. తడపకపోతే పూతలోని నీళ్లన్నీ తాగేస్తుంది, ఆ తర్వాత పూత ఇటుకను వదిలేస్తుంది.

మేస్త్రీ గారు అరవై దాటిన ముస్లిం పెద్దాయన. గానుగ సున్నంతో పని చేసిన చెయ్యి. ఆయన ముఠాలో మిగతావాళ్లంతా హిందువులే. అంతకు ముందే మూడు గోడలు పూర్తయి, తడపడం కూడా అయిపోయింది. నాలుగోదైన పడమటి గోడకు దుర్గాష్టమి ముందురోజు సాయంత్రం పూత పూర్తి చేసి, నేను పండక్కి ఉయ్యూరు వెళ్లిపోయాను. నవమి నాడు ఫోన్ చేసి సిమెంటు బస్తాలు కప్పారా, పరంజా కట్లు చూశారా, డ్రిల్లింగ్ మిషన్ లోపల పెట్టారా అని వరసగా అడిగాను. అన్నిటికీ అయిందనే చెప్పారు. నీళ్ల సంగతి అడగలేదు. అది అడగాల్సిన విషయమని తోచలేదు.

దశమి మర్నాడు పొద్దున్నే వెళ్లాను. రీడింగ్ హాల్లో ఒక మూల పసుపు రాసిన పీట, దాని మీద తాపీలు, సుత్తులు, డ్రిల్లింగ్ మిషన్. పక్కన సంపులోంచి నీళ్లు తోడే మోటారు. దానికి మూడు బొట్లు, బంతిపూల దండ. చుట్ట చుట్టిన రబ్బరు పైపు మీద నిమ్మకాయ. పడమటి గోడ తెల్లగా పాలిపోయి ఉంది. దాని నిండా వెంట్రుకలంత సన్నని పగుళ్లు.

మోటారు ఎప్పటినుంచి పూజలో ఉందని మేస్త్రీ గారిని అడిగాను.

"అష్టమి పొద్దున్నుంచి సార్. పెట్టాక తియ్యకూడదంట. నేను తియ్యమని ఎట్టా అంటానండీ? నా తాపీక్కూడా వాళ్లే బొట్టు పెట్టారు."

"బిందెలతో పొయ్యొచ్చుగా?"

ఆయన పీట వెనక్కి చూపించారు. బిందెలు రెండూ అక్కడే ఉన్నాయి, బొట్లతో.

చిన్న సుత్తి తీసుకుని గోడంతా కొట్టి చూశాను. పూత ఇటుకను పట్టుకున్నచోట గట్టిగా మోగుతుంది, వదిలినచోట గుల్లగా మోగుతుంది. గుల్లగా మోగినచోటల్లా చుట్టూ సుద్దతో గీత గీశాను. ఆరు చోట్ల వచ్చాయి. అందులో రెండు మూలల్లోనే, అంటే వదలకూడని చోటే. ఆదివారానికి ఇంకా రెండు రోజులుంది.

పగుళ్ల మీద సిమెంటు పాలు పూసేస్తే ఆదివారానికి గోడ అద్దంలా ఉంటుందని మేస్త్రీ గారు మెల్లగా అన్నారు. నా కోసమే అన్నారని తెలుసు. ఆలోచించలేదని అబద్ధం చెప్పను. టీ కొట్టు దగ్గర గంటసేపు కూర్చుని, సెక్రటరీ గారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన విని, "సరే, ఆదివారం వస్తాం, గోడని ఏం చెయ్యకండి," అన్నారు.

ఆయన ఆటోనగర్‌లో లారీల పని చేసి పైకొచ్చిన మనిషి. ఆదివారం ఇద్దరు సభ్యుల్ని వెంటబెట్టుకొచ్చి, నా సుత్తి వద్దని, పక్కనున్న కడ్డీ ముక్క తీసుకుని సుద్ద గీతల లోపల కొట్టారు.

"టైర్లో గాలి లేకపోతే ఇట్టాగే అంటదండీ," అన్నారు.

వాళ్లలో పడగొడదామన్న సభ్యుడు నవ్వాడు. "అయితే బిల్డింగు పంచరయిందన్నమాట."

"పంచరయితే బండి అమ్మేసుకుంటామేంటండీ?"

ఇంతకీ ఎందుకిలా అయిందని ఆ సభ్యుడే నిలదీశాడు. మోటారు సంగతి చెప్పాను. అతనికి రైస్ మిల్లు ఉంది. పూజలో పెట్టింది మధ్యలో ఎవరు తీస్తారండీ, మా మిల్లులోనూ తియ్యం, అన్నాడు. తర్వాత తప్పెవరిదన్న మాట ఎత్తలేదు.

సెక్రటరీ గారు మిగతా మూడు గోడలూ కొట్టి విన్నారు. తర్వాత నావైపు తిరిగారు.

"ఈ హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టొచ్చని సంతకం పెడతారా?"

"ఇవాళ పెట్టనండీ. ఆ ఆరు చోట్లా చెక్కి, మళ్లీ పూసి, పది రోజులు తడిపాక పెడతాను."

"అయితే పడగొట్టే మాట పది రోజులాపుదాం," అన్నారు సభ్యులతో.

ఆ మధ్యాహ్నమే చెక్కడం మొదలుపెట్టాం. మేస్త్రీ గారు మూలలు రెండూ ఎవరికీ ఇవ్వకుండా తనే చేశారు. రోజూ మూడుపూటలా నేనే దగ్గరుండి నీళ్లు పట్టించాను. గడువయ్యాక సెక్రటరీ గారు ఒక్కరే వచ్చారు. గుల్లలు తీసినచోటే కాదు, గోడ పొడుగునా కొట్టుకుంటూ వెళ్లి, కిటికీ పైన ఒకచోట ఆగి రెండుసార్లు కొట్టారు. నేనూ చెవి పెట్టి విన్నాను. గట్టిగానే ఉంది.

కాగితం ఇస్తే అక్కడే కిటికీ గట్టు మీద పెట్టి సంతకం చేశాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మేస్త్రీ గారి వైపు తిరిగి, పై అంతస్తుకి పరంజా ఎప్పుడు కడతారని అడిగారు.