అబద్ధం లేని అయిదు వాక్యాలు

మా వైపు వరి కోతలు ఏడాదికోసారే. నా కోతలకు కాలం లేదు. తుపానుకు మా పెరట్లో పనసచెట్టు లేచిపోయి ఇచ్ఛాపురం అవతల నాటుకుందనీ, మరుసటేడు నుంచి దాని తొనలకు ఒడియా రుచి పట్టుకుందనీ చెబితే పలాస బస్సులో సగం మంది నమ్మారు. మిగతా సగం మంది, ఏ స్టాపులో దిగితే ఆ చెట్టు కనబడుతుందని అడిగారు.

నోరు ఇంత బాగా ఆడుతుంటే కవిత్వం మాత్రం ఎందుకు రాదనుకుని, నలభై ఎనిమిదో ఏట టెక్కలిలో ఒక రిటైరైన తెలుగు మాస్టారి దగ్గర చేరాను. ప్రతి ఆదివారం ఆయన వరండాలో సాధన. వెళ్లేటప్పుడు ఇంటికి ఒక పని ఇచ్చేవారు. వాన అనే మాట లేకుండా వాన గురించి రాయమన్నారొకసారి. వంటింట్లో ఒక గిన్నె తీసుకుని, దాని రంగూ మెరుపూ చెప్పకుండా రాయమన్నారు ఇంకోసారి. అవి ఎలాగో గట్టెక్కాను. మూడోది మాత్రం గొంతుకు అడ్డం పడింది. ఒక మనిషి గురించి అయిదు వాక్యాలు. పొగడకూడదు, దేనితోనూ పోల్చకూడదు, ఒక్క అబద్ధమూ ఉండకూడదు. నాలుగు వారాలు నా కాగితం ఎర్రసిరాతో తిరిగొచ్చింది.

అప్పుడే మా మరదలు కబురు పెట్టింది. ఆమె భర్త, మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి ఇంటి గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టాలి. వాడిది ఉన్నదొక్కటే ఫొటో, ఏదో కార్డు కోసం తీసింది. అందులో వాడు వాడిలా లేడు, పోలీసులకు దొరికిపోయిన ఎవడిలాగో ఉన్నాడు. పెద్దది చేయిస్తే మరీ పరాయివాడైపోయాడు. ఫొటో చూసి ఎలాగూ ఎవరూ పోల్చుకోరు, కింద రాతలోనైనా మనిషి కనబడాలని ఆమె కోరిక.

నేను రెచ్చిపోయాను. వాడు పోయిననాడు ఉద్దానం కొబ్బరిచెట్లన్నీ తలలు వంచాయనీ, సముద్రం మూడు రోజులు అలలు బిగబట్టిందనీ రాసి పట్టుకెళ్లాను. మరదలు వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

"బాగుంది బావ. ఎవుల గురించి?"

అని, వాకిట్లో ఎండబోసిన జీడిపిక్కలను కాలితో తిరగేయడం మొదలుపెట్టింది. నేను అరుగు మీద కూలబడ్డాను. మాస్టారి మూడో పని అప్పుడు గుర్తొచ్చింది. వాడు మంచివాడని చెప్పొద్దు, రోజూ ఏం చేసేవాడో అది మాత్రం చెప్పమన్నాను. ముందు ఏమీ గుర్తురావడం లేదంది. తర్వాత ఆగలేదు. నవ్వుతూ చెప్పింది. మధ్యలో ఒకసారి లోపలికెళ్లి ముఖం కడుక్కొచ్చి, మళ్లీ చెప్పింది. సాయంత్రానికి ఇవి తేలాయి.

కొబ్బరికాయ చెవి దగ్గర ఊపి చూసిగాని ఎవరికీ ఇవ్వడు.
గేటు దగ్గర దగ్గి లోపలికొస్తాడు.
వాన పడితే ముందు జీడిపిక్కలు లోపలికి, తర్వాత బట్టలు, ఆ తర్వాత మనుషులు.
కోపమొస్తే అన్నం మానేసి, పక్కింట్లో తినొస్తాడు.
టీ సగం తాగి, సగం ఇల్లాలికి ఉంచుతాడు.

నాలుగు ఆమెవి. అయిదోది నాది. చెయ్యి ఊరుకోలేదు. ఆమె వేలు సరిగ్గా అక్కడే ఆగింది.

"మీ తమ్ముడు నాకు టీ ఉంచడమేటి బావ? గలాసు అడుగున పంచదార కూడా ఒగ్గీవోడు కాడు."

కొట్టేస్తానని పెన్ను తీశాను. ఆమె కాగితం వెనక్కి లాక్కుంది.

"ఉండనీ. ఇంకో ఏడాదుంటే ఉంచీవోడేమో."

సంవత్సరీకం నాడు వచ్చినవాళ్లెవరూ ఫొటో దగ్గర ఆగలేదు. రాత చదివి, వాడే, అచ్చంగా వాడే అనుకున్నారు. వాడితో ఏళ్లతరబడి మాటల్లేని కొబ్బరి వ్యాపారి, వాకిట్లో పోసిన కొబ్బరికాయల గుట్టలోంచి ఒక కాయ తీసి, చెవి దగ్గర ఊపి, మెల్లగా కింద పెట్టాడు. పక్కింటావిడ నాలుగో వాక్యానికి నవ్వింది. అయిదో దాని దగ్గర అనుమానమొచ్చి, టీ సంగతి నిజమేనా అని అడిగింది. మరదలు తడుముకోలేదు.

"నిజిమే. రోజూ ఉంచీవోడు."

ఆ ఆదివారం మాస్టారు ఎర్ర పెన్ను పట్టుకుని నాలుగు వాక్యాలు దాటి, అయిదో దాని మీద నిలిచారు. ఇందులో అబద్ధమేమీ లేదు కదా అని నా ముఖంలోకి చూశారు.

"వాళ్లావిడే చెప్పింది మాస్టారూ" అన్నాను.

ఆయన పెన్నుకు మూత పెట్టారు.